వీడియోలో తేలని జ్వరం

వానలు తగ్గినాక చంద్రగిరి పక్కన మామిడితోటలో గడ్డి కోయించొచ్చినా, కొన్నాళ్లకే జ్వరం పట్టుకుంది, తల పగిలిపోతా ఉంటే క్యూలో కూర్చునే ఓపిక లేక ఒక యాప్‌లో డబ్బులు కట్టినా. అవతల ఎవరో చాట్‌లోనే ఏవో అడిగి సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ రాసి పంపించినారు.

మా బామ్మర్దికి తిరుపతిలో మెడికల్ షాపు. ఆ చీటీ చూసి "బావా, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరే లేదు, దీనికి మందియ్యను" అనేసినాడు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ (ఫోన్‌లో, వీడియోలో వైద్యం) గైడ్‌లైన్స్ ప్రకారం ప్రిస్క్రిప్షన్ మీద ఆ నంబర్ ఉండాలంట, మొదటిసారి చాట్‌లోనో ఫోన్‌లోనో అడిగితే పారాసెటమాల్, ఓఆర్ఎస్ లాంటివే రాయాలంట, యాంటీబయాటిక్ కావాలంటే కనీసం వీడియోలోనన్నా చూడాల.

సరేలే అని ఇంకో డాక్టర్‌కి వీడియో కాల్ చేసినా. ఆయన ముందు తన పేరు, నంబర్ చెప్పి, నా వయసు అడిగి, గడ్డిలో తిరిగినారా, ఒంటిమీద యాడన్నా నల్లటి పొక్కుందా అన్నాడు. నడుం దగ్గర ఏదో ఉందని మా ఆవిడ ఫోన్ పెట్టి చూపిస్తే లైటు చాలక అంతా మసకమసకగా ఉంది. "వీడియోలో తేలదు, ఈరోజే ఆస్పత్రికి పోండి" అని మందు రాయకుండా పెట్టేసినాడు. ఒళ్లు మండిపోయింది నాకు, ఫీజు దండగని. కానీ అనుమానం వస్తే కాల్ ఆపేసి నేరుగా చూపించుకోమనే హక్కు కూడా ఆ రూల్స్‌లోనే ఉందంట.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చొక్కా ఎత్తి చూసింది, నల్లగా పెచ్చు కట్టి చుట్టూ ఎర్రగా, నొప్పీ లేదు దురదా లేదు. స్క్రబ్ టైఫస్, గడ్డిలో ఉండే నల్లిలాంటి సన్న పురుగు కుడితే వస్తుందంట, దానికి సెఫిక్సిమ్ పని చెయ్యదు. డాక్సీసైక్లిన్ అనే మందు మొదలుపెట్టినాక జ్వరం గబగబా దిగిపోయింది, నీరసం మాత్రం చాన్నాళ్లు వదల్లేదు, మెట్లెక్కితే చాలు ఆయాసం. ఆమె తర్వాత ఫోన్‌లోనే చూసింది, అదే డాక్టర్ నేరుగా చూసినాక అదే జబ్బుకి ఆరునెలల లోపలైతే ఫాలోఅప్ కిందే లెక్కంట.

ఆ మొదటి చీటీ మీద మెడికల్ కౌన్సిల్‌కి కంప్లైంట్ పెడదామంటే ఎవరి మీదని పెట్టేది? యాప్ వాళ్లని గట్టిగా అడిగితే డబ్బులు వాపసిచ్చినారు గానీ డాక్టర్ ఎవరో ఇంతవరకూ చెప్పలేదు.