వెర్గినాలో వాడని దండ

గ్రీసులోని థెస్సలొనీకి నుంచి వెరియాకు ఒక బస్సు, అక్కడి నుంచి వెర్గినాకు ఇంకో బస్సు. రెండోది మా కళ్లముందే కదిలిపోయింది. ఎండలో గంటన్నర కూర్చున్నాం. "బంగారం చూడటానికి ఇంత దూరమా? తాకట్టులో ఉన్న నా గాజులు విడిపించి ఇచ్చినా చూసేదాన్ని" అని అక్క దెప్పింది. మా నాన్నగారు బంగారు పని చేసేవారు. కుంపటి పక్కనే పెరిగినవాళ్లం, నగను ఊరికే మెచ్చుకోం.

వెర్గినా మ్యూజియం బయటికి ఒక మట్టిదిబ్బ, అంతే. మాసిడోనియా రాజుల తొలి రాజధాని అయిగై ఇదే. 1977లో మనోలిస్ ఆండ్రోనికోస్ తవ్వి బయటపెట్టిన సమాధులను ఉన్నచోటే ఉంచి, పైన దిబ్బను తిరిగి నిలబెట్టారు. లోపల చీకటి. అద్దాల వెనక బంగారం మాత్రమే వెలుగుతుంది.

రాజు ఎముకలున్న బంగారు పెట్టె, ఓక్ ఆకుల కిరీటం దగ్గర జనం గుమిగూడారు. మేము ఆగింది అదే సమాధి ముందుగదిలో దొరికిన వస్తువుల దగ్గర. అక్కడ ఒక యువతి ఎముకలను బంగారు జరీ నేసిన ఊదారంగు బట్టలో చుట్టి ఉంచారట. ఆమె అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్ రాజు భార్య మేడా అని కొందరు అంటారు. గదిలో బంగారు అంబులపొది కూడా ఉంది కాబట్టి విలువిద్యకు పేరుపడిన సంచారజాతి సిథియన్ల స్త్రీ అని మరికొందరి వాదన.

ఆ అంబులపొదితో పాటే దొరికింది మిర్టిల్ దండ. 80 ఆకులు, 112 పువ్వులు, అంతా బంగారమే. మిర్టిల్ మన నేరేడు, జామల కుటుంబపు మొక్కే. ప్రేమదేవత అఫ్రొడైటీకి ప్రియమైనది కనుక గ్రీకు పెళ్లికూతుళ్లు తలకు చుట్టుకునేవారు. పెళ్లినాటి ఆకునే ఈమెకు సమాధిలోనూ తోడిచ్చారు.

అక్క అద్దానికి ముక్కు ఆనించి తీగ కోసం వెతికింది. ఆ కాలపు కంసాలులకు కమ్మచ్చు, అంటే తీగ లాగే చిల్లుల పలక, లేదు. సన్నటి రేకు ముక్కను మెలితిప్పి, పలకల మధ్య దొర్లించి తీగ తీసేవారు. "నాన్న ఉంటే ఇక్కడినుంచి కదిలేవారు కాదు" అంది. ఆమె నోట అది పెద్ద మెప్పు.

ఏథెన్స్‌లోని బెనాకి మ్యూజియంలో చూసిన తలకట్టు గురించి అప్పుడు మాట్లాడుకున్నాం. దాని నడిమధ్య రెండు ఉచ్చులు పెనవేసిన హెరాక్లీస్ ముడి ఉంటుంది. రోమన్లు పెళ్లికూతురి నడికట్టుకు ఆ ముడే వేసేవారు, దాన్ని వరుడు విప్పాలి. మనకు వరుడు ముడి వేస్తే పెళ్లి, వాళ్లకు విప్పితే.

తర్వాత కొండవాలులోని నాటకశాలకు నడిచాం. గడ్డి, నాలుగు రాళ్లు. క్రీ.పూ. 336లో ఫిలిప్ తన కూతురు క్లియోపాత్రా పెళ్లి వేడుకల్లో ఇక్కడే అంగరక్షకుడి కత్తికి బలయ్యాడు. వరుడు పెళ్లికూతురి సొంత మేనమామ. మన వైపు వాళ్లకు అందులో వింతేమీ తోచదు.

"పెళ్లి అయ్యాకా, ముందా?" అని అక్క అడిగింది.

"అయ్యాక."

అక్క ఆ రాళ్లవైపు కాసేపు చూసింది. "పిల్ల తలమీద దండ ఇంకా వాడి కూడా ఉండదు" అంది.

తిరుగు బస్సుకు మాత్రం అరగంట ముందే వెళ్లి నిలబడ్డాం.