సగటు కనబడితే మొత్తం వెతకండి

మన బడిలో మాకు లెక్కలు చెప్పిన సారు బోర్డు మీద సూత్రాన్ని ఆఖరున రాసేవారు. ముందు లెక్క, తర్వాత మా వాదులాట, ఆ తర్వాతే సూత్రం. సగటు పాఠం అలా నేర్చుకోవడం మా అదృష్టమని ఇప్పటికీ నమ్ముతాను.

ఆయన పదే పదే చెప్పిన మాట ఒక్కటే: "సగటు కనబడితే మొత్తం వెతకండి." ఒక స్లిప్ టెస్టులో ఇలా అడిగారు. అయిదు సంఖ్యల సగటు 27. ఒకదాన్ని తీసేస్తే మిగిలినవాటి సగటు 25. తీసేసిన సంఖ్య ఎంత? సంఖ్యలే ఇవ్వలేదు కదా సార్ అని వెనక బెంచీల్లో గొణుగుడు. ఇవ్వనక్కర్లేదు. అయిదింటి మొత్తం 135, నాలుగింటి మొత్తం 100, కాబట్టి పోయింది 35. అంతటితో సారు వదల్లేదు. మొత్తాలు కట్టకుండా చెప్పమన్నారు. మిగిలిన నాలుగింటికీ తలా 2 తగ్గింది, అంటే 8. పోయిన సంఖ్య తన వాటా 27తో పాటు ఆ 8 కూడా పట్టుకుపోయింది! ఆ రెండో దారి తెలిసిన రోజున లెక్కలంటే నాకు ప్రేమ పుట్టింది.

48, 53, 47, 55, 52 ఇచ్చినా కూడికకు తొందరపడనిచ్చేవారు కాదు. సగటు 50 అనుకొని తేడాలు రాయించేవారు: −2, +3, −3, +5, +2. తేడాల మొత్తం 5, అయిదుగురికి పంచితే 1. సగటు 51. పదో తరగతిలో అంకమధ్యమానికి, అంటే సగటుకే, విచలనాల (తేడాల) పద్ధతి వచ్చినప్పుడు మాకది పాత చుట్టమే.

మాలో చాలామంది ఇళ్లలో పత్తి పండేది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో 2 క్వింటాళ్లు 6,000 చొప్పున, 8 క్వింటాళ్లు 5,000 చొప్పున అమ్మితే సగటు ధర ఎంత అని అడిగారు ఒకసారి. 5,500 అన్నవాళ్లను, "ఆ ధరకు పది క్వింటాళ్ల డబ్బు మీ నాన్న చేతికి వచ్చిందా?" అని నిలదీశారు. వచ్చింది 52,000. సగటు 5,200. ఎక్కువ సరుకు ఏ ధరకు పోతే సగటు అటే మొగ్గుతుంది.

వేగాల లెక్కల్లోనూ అదే పట్టుదల. కాజీపేట నుంచి రామగుండానికి గంటకు 40 కిలోమీటర్ల చొప్పున వెళ్లి, 60 చొప్పున తిరిగొస్తే సగటు వేగం 48, 50 కాదు. తక్కువ వేగంలో ఎక్కువసేపు గడిచింది కనుక. ఇప్పటి పిల్లలు దీనికి కోచింగులో ఒక చిట్కా సూత్రం బట్టీ పడుతున్నారు. దూరాలు సమానమైతేనే అది చెల్లుతుందని వాళ్లకు ఎవరైనా చెప్పాలి. కాలాలు సమానమైతే జవాబు 50యే.

మన బడిలో ఇప్పుడు చదువుతున్న పిల్లల కోసం సారు మాకిచ్చిన లెక్కనే ఇక్కడ రాస్తున్నాను. ఒక ఊరికి 40 వేగంతో వెళ్లాం. తిరిగి ఎంత వేగంతో వస్తే మొత్తం ప్రయాణం సగటు 80 అవుతుంది? 120 అన్నారు చాలామంది. సారు ఊరి దూరం 40 కిలోమీటర్లు అనుకోమన్నారు. రానూ పోనూ 80 కిలోమీటర్లు; సగటు 80 కావాలంటే అంతా ఒక్క గంటలో ముగియాలి. ఆ గంట వెళ్లడానికే అయిపోయింది. ఏ వేగమూ చాలదు.