మే 9: నీడ కాళ్ల కిందికొచ్చిన పూట

హైదరాబాద్. పొద్దున తొమ్మిదికే బడి ఆవరణలో సిమెంటు నేల చురుక్కుమంటోంది. సమ్మర్ క్యాంప్‌కి ఇది పదో రోజు. పిల్లలు ఇరవై నాలుగు మంది, ఐదో తరగతి నుంచి ఎనిమిది దాకా. నిన్న కాగితపు గుజ్జుతో మాస్కులు చేశారు. ఇవాళ ఊచ నీడ కొలవాలి.

"మధ్యాహ్నం పన్నెండింటికి సూర్యుడు ఎక్కడుంటాడు?" అంటే అందరూ ఒక్క గొంతుతో "నడినెత్తిన" అంటారు. పెద్దవాళ్లనడిగినా అదే మాట. నిజానికి హైదరాబాద్‌లో ఏడాదికి రెండు పూటలే సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి. అప్పుడు నిలువుగా నిలబెట్టిన దేనికీ పక్కకు నీడ పడదు. తిరుపతికి ఇది ఏప్రిల్ చివర్లో, విజయవాడకు మే మొదటి వారంలో, ఆదిలాబాద్‌కు మే మూడో వారంలో వస్తుంది. కర్కట రేఖకు పైనున్న ఢిల్లీకి ఎప్పటికీ రాదు. మేలో వచ్చేది సెలవుల్లో పడుతుంది కాబట్టి అప్పుడు బడిలో దీన్ని చూసే వీలే లేదు. క్యాంప్‌లు దీన్ని వదులుకోకూడదు.

మబ్బు పట్టిందని దిగులు పడక్కర్లేదు. రోజు ఒకటి అటూఇటూ అయితే 30 సెంటీమీటర్ల ఊచ నీడలో వచ్చే తేడా ఒకటిన్నర మిల్లీమీటరు లోపే. రేపు చేసినా చాలావరకు ఇదే కనిపిస్తుంది.

సామాను పెద్దగా ఏమీ లేదు. పాత గొడుగు ఊచ 32 సెంటీమీటర్ల ముక్క, రెండడుగుల చదరపు ప్లైవుడ్ చెక్క, దాని మీద అంటించిన తెల్ల కాగితం, గట్టి పెన్సిలు, స్కేలు, దారానికి కట్టిన ఇనుప నట్టు. చెక్కకు నడిమధ్య వడ్రంగి చేత బిగుతుగా కన్నం వేయించి, ఊచను రెండు సెంటీమీటర్లు లోపలికి దిగగొట్టాలి. కొన్నిచోట్ల ఊచను తడిమట్టి ముద్దలో గుచ్చుతారు. ఎండేకొద్దీ మట్టి ఒక పక్కకు లాగి ఊచ ఒరుగుతుంది. ఆ ఒరగడం కంటికి తెలియదు, కొలత మాత్రం పాడవుతుంది.

ఊచ కొసన కందిగింజంత మట్టి ఉండ పెట్టాలి. సూర్యుడు చుక్కలా ఉండడు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం. అందుకే 30 సెంటీమీటర్ల దూరంలో నీడ అంచు దాదాపు మూడు మిల్లీమీటర్ల మేర అలుక్కుపోతుంది. సన్నని ఊచ కొస నీడ అయితే అందులోనే కలిసిపోతుంది. ఉండ నీడకు నడుమ నల్లని చుక్క నిలుస్తుంది, పెన్సిలు అక్కడ పెట్టాలి.

ఈ పని సగానికి పైగా మేస్త్రీ పనే. ముందు చెక్క మట్టం చూడాలి. గోళీ పెడితే ఎటు దొర్లుతుందో అటు కింద మడత పెట్టిన కాగితం దోపాలి, ఎక్కడ పెట్టినా గోళీ నిలిచేదాకా. తర్వాత నట్టు దారాన్ని ఊచ పక్కన వేలాడదీసి, ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూడాలి. ఒకవైపే చూసి సరిపోయిందనుకోవడం ప్రతి గుంపూ చేసే తప్పు. ఊచ ఒక్క డిగ్రీ వాలినా నీడ అయిదు మిల్లీమీటర్లు పక్కకు పోతుంది, అంటే నాలుగు నిమిషాల తేడా.

గుంపుకు నలుగురు. ఒకరు టైము చెప్తారు, ఒకరు చుక్క పెడతారు, ఒకరు రాస్తారు, ఒకరు గొడుగు పడతారు. గొడుగు నీడ మనిషి మీదే పడాలి, చెక్క మీదికి రాకూడదు. పావుగంటకోసారి పనులు మారతాయి. ఎండలో ఎవరూ పావుగంటకు మించి ఉండరు, సూర్యుడి వైపు కళ్లెత్తి చూడరు. గడియారాలన్నీ ఒకే ఫోను చూసి సరిచేసుకున్నారు.

చెక్క మీద ఊచ మొదలు చుట్టూ 12 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ముందే వృత్తం గీసి ఉంచారు. పదిన్నర నుంచి పది నిమిషాలకో చుక్క. ఉండ నీడ 10:41కి వృత్తం దాటి లోపలికొచ్చింది. పన్నెండు నుంచి రెండు నిమిషాలకో చుక్క. అప్పుడు నీడ కదలడం కంటికే తెలుస్తుంది, నిమిషానికి మిల్లీమీటరుకు పైగా. అప్పటిదాకా కబుర్లాడినవాళ్లు కూడా చెక్క చుట్టూ మోకాళ్ల మీద కూర్చున్నారు. ఉండ నీడ ఊచ మొదలును తాకింది, కాసేపటికి అందులో కలిసింది. "అక్కా, నా నీడ నా చెప్పుల కింద దాక్కుంది!" అని ఆరో తరగతి అమ్మాయి ఒక్కచోటే గంతులేస్తోంది.

ఎప్పుడు కలిసింది? అయిదు గుంపులు 12:11కీ 12:14కీ మధ్య రాశాయి. ఆరో గుంపు 12:19 అని రాసింది. ఇవాళ్టి దినమంతటిలో విలువైన ఘడియ ఇదే. ఆ గుంపులో ఒక పిల్లాడు వెంటనే రబ్బరు తీశాడు, పక్కవాళ్ల అంకె వేద్దామని. చెరపొద్దు, ఏడు నిమిషాలు ఎక్కడికి పోయాయో వెతకమన్నాం. మళ్లీ దారం వేలాడదీశారు. తూర్పు నుంచి చూస్తే నిటారుగానే ఉంది. దక్షిణం నుంచి చూస్తే ఊచ కొస పడమరకు వాలింది. స్కేలు పెడితే తొమ్మిది మిల్లీమీటర్లు. ఏడు నిమిషాలకు నీడ ఎంత కదులుతుందో వాళ్ల చుక్కల మీదే కొలిచారు. అదీ తొమ్మిదికి దగ్గరే. 12:19 అంకె అలాగే ఉంచి పక్కన "ఊచ వాలింది, పడమరకు 9 మి.మీ." అని రాశారు. తరగతిలో జవాబు ముందే పుస్తకం వెనక ఉంటుంది కాబట్టి తప్పు రాగానే చేయి రబ్బరు వైపు పోతుంది. తప్పుకు కారణం ఉంటుందనీ, దాన్ని కొలవొచ్చనీ ఆ నలుగురికి ఇవాళ తెలిసినంత బాగా మిగతా ఇరవై మందికి తెలియలేదు.

ఖాళీల విషయంలోనూ అంతే. 11:20 చుక్క మరిచిపోయిన గుంపు ఆ గడిలో అడ్డగీత పెట్టింది. అటూ ఇటూ చూసి మధ్యలో ఒక అంకె అంచనాగా వేసెయ్యడం తేలిక. వేయకుండా ఉండడం నేర్పాల్సి వస్తుంది.

మరి సరిగ్గా పన్నెండుకు ఎందుకు రాలేదు? మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశానివి. అది కాకినాడ దగ్గరగా పోతుంది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పదహారు నిమిషాలు ఆలస్యం కావాలి. మే మొదట్లో సూర్యుడు గడియారం కన్నా మూడున్నర నిమిషాలు ముందుంటాడు. అది తీసేస్తే 12:12 దాటాక.

మజ్జిగ లెక్క కూడా పిల్లలదే. తలా రెండు 200 మిల్లీలీటర్ల గ్లాసులంటే దాదాపు పది లీటర్లు. రెండున్నర లీటర్ల పెరుగు, ఏడున్నర లీటర్ల నీళ్లు. ఉప్పు ఏడు చెంచాల దాకా పడుతుంది, అయితే నాలుగు వేసి రుచి చూశాకే మిగతాది.

మధ్యాహ్నం 1:43కి ఉండ నీడ వృత్తం దాటి బయటికి పోయింది. పొద్దున లోపలికొచ్చిన చుక్కనూ ఈ చుక్కనూ కలిపితే తూర్పు పడమరల గీత. దిక్సూచి అక్కర్లేదు. మన పాత వాస్తు, జ్యోతిష గ్రంథాల్లో దిక్కులు కనుక్కునే పద్ధతి ఇదే. ఆ నిలువు కర్ర పేరు శంకువు, శంకుస్థాపనలో ఉన్న మాట. ఇది చెప్పగానే ఒకడు "అయితే మంత్రిగారు పాతేది ఇదేనా?" అని అడిగాడు. మాట అదే, ఇప్పుడు రాయి పెడుతున్నారని చెప్పాం.

ఒకమ్మాయి మేనత్త వాళ్లది తిరుపతి. అక్కడ ఆమె బావ ఇదే కొలత ఊచతో డాబా మీద సిద్ధంగా ఉన్నాడు. అక్కడ మిట్టమధ్యాహ్నం మనకన్నా మూడు నాలుగు నిమిషాలు ముందే వస్తుంది. 12:08కి ఫోను. "నీడ దక్షిణానికి పడిందేంటే?" సూర్యుడు వాళ్ల నడినెత్తిని దాటి ఉత్తరానికి వచ్చేశాడు మరి. నీడ రెండు సెంటీమీటర్లు.

ఇక్కడ నీడ సున్నా, అక్కడ 30కి 2. చిన్న కోణాలకు ఈ నిష్పత్తీ, భూమి వ్యాసార్ధానికి రెండు ఊళ్ల దూరం నిష్పత్తీ ఒకటే. ఉత్తర దక్షిణాలుగా ఆ దూరం దాదాపు 415 కిలోమీటర్లు. పదిహేనుతో గుణిస్తే భూమి వ్యాసార్ధం 6,225 కిలోమీటర్లు. అసలు సగటు 6,371. గొడుగు ఊచతో ఇంత దగ్గరికి రావడం నిజంగా గొప్ప సంగతి. ఒక గుంపు బస్సు దారి దూరం 560 వేసి 8,400 తెచ్చింది. రోడ్డు వంకలు తిరుగుతుందనీ, నీడకు తూర్పు పడమరల దూరంతో పని లేదనీ మ్యాపు మీద స్కేలు పెట్టాక గాని ఒప్పుకోలేదు. తిరుపతి నీడ 1.9 అయి ఉంటే వ్యాసార్ధం 6,550 దాటేది. ఒక్క మిల్లీమీటరుకు మూడు వందల కిలోమీటర్లు! అది విన్నాక పెన్సిళ్లు చెక్కుకునేవాళ్లు ఎక్కువయ్యారు.

రాత్రి ఎనిమిదికి అమ్మానాన్నలతో కలిసి డాబా మీదికి. సప్తర్షులు, తోక ఉన్న గిన్నెలా కనిపించే ఏడు చుక్కలు, ఉత్తరాన పైకెక్కి ఉన్నారు. తోక వంపు పట్టుకుని పోతే స్వాతి, అదే వంపులో ఇంకా పోతే చిత్త. గిన్నె అంచున ఉన్న రెండు చుక్కల గీత పట్టుకుని కిందికొస్తే ధ్రువుడు, నగరం వెలుతురులో మసకగా. చేయి చాచి పిడికిలి పెడితే పది డిగ్రీలు. పిల్లల పిడికిలి చిన్నది, చేయీ పొట్టిదే, కాబట్టి లెక్క ఎవరికైనా ఒకటే. దిగంతం మీద ఒక పిడికిలి, దాని మీద ఇంకోటి. రెండోది పూర్తిగా పట్టలేదు, పదిహేడు డిగ్రీలనుకోవచ్చు. హైదరాబాద్ అక్షాంశం అదే, ఇవాళ సూర్యుడు భూమధ్యరేఖకు ఉత్తరంగా ఉన్నదీ అంతే. మధ్యాహ్నం 12:19 గుంపులో రబ్బరు తీసిన పిల్లాడు మూడుసార్లు పిడికిళ్లు పెట్టి చూసుకున్నాడు. పదిహేడు, పద్దెనిమిది, పదహారు. మూడూ రాశాడు.