పంట కాలువ నుంచి కొల్లేటి దాకా

ఆత్రేయపురానికి కాస్త ఎగువన, కాలువ గట్టు మీద కూర్చుని మా కయాక్‌కి గాలి కొడుతున్నాం. పాలక్యాను తగిలించిన సైకిల్ మీద పోతున్న పెద్దాయన ఒకరు దిగి, స్టాండు వేసి మరీ నిలబడ్డారు.

"ఆయ్, ఈ బుడగలో ఎక్కడికండి బాబూ?"

"లొల్ల లాకుల దాకా అండి."

"లాకుల దాకా పోకండి. బాగా ముందే గట్టెక్కెయ్యండి. తలుపుల దగ్గర నీళ్లు లాగేత్తాయి."

మూడు రోజుల యాత్రలో మాకు దొరికిన మొదటి సలహా అది. అన్నింట్లోకీ విలువైనదీ అదే. డిసెంబరు చివరి వారం. దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, నీళ్లు వదిలారు, కాలువ గట్టుల్ని ఒరుసుకుంటూ పారుతోంది. నేనూ, మా మేనమామ కొడుకు రఘు బావా హైదరాబాదు నుంచి కారు డిక్కీలో ఇద్దరు పట్టే గాలి కయాక్, రెండు తెడ్లు, రెండు లైఫ్ జాకెట్లు వేసుకుని వచ్చాం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పటి నుంచి గోదావరి, పడవ అన్న రెండు మాటలు ఒకచోట వింటే మా అమ్మకి భయం. జాకెట్టు విప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. రేవులో భోజనానికి దిగినప్పుడు తప్ప ఆ మాట తప్పలేదు.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. తర్వాత కాటన్ దొర తవ్వించిన కాలువలు పొలాలకి నీళ్లివ్వడంతో ఆగలేదు. లారీలు రాకముందు బియ్యం, కొబ్బరికాయ, కలప అన్నీ వీటి మీదే కదిలాయి. గూటి పడవలకి తాడు కట్టి, గట్టు మీద నడుస్తూ మనుషులు లాగేవాళ్లు. పడవని మీది నీళ్ల నుంచి కింది నీళ్లకి దించడానికే లాకులు కట్టారు. మా తాతయ్య పెళ్లికి మగపెళ్లివారు గూటి పడవలోనే వచ్చారని మా అమ్మమ్మ చెప్పేది. ఆ కాలువలో నేను నీటి మీద కూర్చోవడం మాత్రం అదే మొదటిసారి.

కారులో పోతే కాలువ పక్కన ఎక్కడో కింద ఉంటుంది. కయాక్‌లో కూర్చుంటే ఊరే మన తల మీదికి లేస్తుంది. రోడ్డుకి కనిపించేది ఊరి ముఖం. నీటికి కనిపించేది ఊరి పెరడు. రేవు మెట్ల మీద ఇత్తడి బిందె తోముతున్న చేతులు, ముక్కు వరకు మునిగిన గేదెలు, వంగిన కొబ్బరిచెట్టు చివర లకుముకి పిట్ట. తెడ్డు వేయాల్సిన పని కూడా పెద్దగా లేదు, నీళ్లే తీసుకుపోతాయి. తెడ్డు దారి సరిచేసుకోవడానికే. గట్టు మీద పిల్లలు మాతో పాటు పరుగెత్తి, వాళ్ల ఊరి పొలిమేర దాకా సాగనంపి వెనక్కి తిరిగేవాళ్లు. పక్క ఊరి పిల్లలు అందుకునేవాళ్లు.

ఆత్రేయపురంలో రేవు దగ్గర దిగి, ఒక ఇంటి వెనక పూతరేకులు తీస్తుంటే చూశాం. పొయ్యి మీద తిరగేసిన కుండ, కింద ఎండు కొబ్బరాకు మంట. పల్చటి పిండిలో గుడ్డ ముంచి ఆమె కుండ మీద ఒక్క లాగు లాగితే, రెండు క్షణాల్లో రేకు దానంతట అదే అంచు లేపుతుంది. గాలి తగిలితే చిరిగిపోయే ఆ రేకుని ఆమె మునివేళ్లతో తీసి దొంతరలో పెట్టింది. అరగంట నిలబడి చూశాం. ఈమధ్య సంక్రాంతికి ఈ కాలువలో పడవ పోటీలు కూడా పెడుతున్నారని ఆమే చెప్పింది. వినడానికే సంతోషంగా అనిపించింది.

సంతోషం లేనిదీ ఒకటుంది. ఒక వంతెన స్తంభాల మధ్య గుర్రపుడెక్క గట్టు నుంచి గట్టుకి అల్లుకుపోయింది. పైన ఊదారంగు పూలు, కింద ప్లాస్టిక్ సీసాలు, చెప్పులు, మందు డబ్బాలు. తెడ్డు దిగలేదు. కయాక్‌ని పైకి ఎత్తుకుని బురద గట్టు మీద నుంచి మోసుకెళ్లి అవతల దింపాం. మోత కష్టం కాదు గానీ, దిగువ ఊళ్లు తాగేది ఈ నీళ్లేనన్న మాట ఆ డబ్బాలు చూశాక మనసులోంచి పోలేదు. కాలువ మళ్లీ జనానికి దారి అయితే, రోజూ నాలుగు పడవలు తిరిగితే, ఇలా వదిలేస్తారా? వదిలెయ్యరని నా నమ్మకం.

పెద్దాయన చెప్పినట్టే లాకులకి చాలా ముందే గట్టెక్కాం. తలుపుల కింద నీళ్లు తెల్లగా సుడి తిరుగుతున్నాయి. ఈ కాలువలో దిగాలనుకునేవాళ్లకి రెండు మాటలు: దాళ్వా నడిచే చలికాలమే మంచి రోజులు, వేసవిలో మరమ్మతులకని కాలువలకి నీళ్లు ఆపేస్తారు. లాకుల తలుపులకి ఎగువన గానీ దిగువన గానీ దగ్గరకి పోవద్దు.

రెండో రోజు దిండి. దారిలో పి. గన్నవరం దగ్గర ఆగాం. వైనతేయ పాయ మీదుగా కాలువని దాటించిన అక్విడెక్టు అది. కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవాళ్లకి ఏ వేళప్పుడైనా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. కింద నది, పైన కాలువ. ఒకప్పుడు పడవలు నది మీదుగా గాల్లో నడిచినట్టు పోయేవన్నమాట.

దిండి దగ్గర గోదావరి వశిష్ఠ పాయ. ఇక్కడ నీళ్లు కాలువలోలా ఒకే వైపు పోవు. సముద్రం దగ్గర కదా, పోటుకి పైకి, పాటుకి కిందికి నడుస్తాయి. రేవులో వల బాగుచేసుకుంటున్న ఒకాయన "పాటులో దిగండి, పోటులో రండి" అన్నాడు. మాట విన్నాం గానీ గంటలు లెక్క చూసుకోలేదు. పది గంటలకి దిగి, చించినాడ వంతెన వైపు హాయిగా జారిపోయాం. రెండు వైపులా కొబ్బరితోటలు, మధ్యలో వెండిరేకులా ఏరు. పన్నెండున్నరకి వెనక్కి తిరిగేసరికి పాటు ఇంకా లాగుతూనే ఉంది. దానికి ఎదురు సముద్రపు గాలి లేచి అలలు పొడుగ్గా నిలబడ్డాయి. పది నిమిషాలు ఒళ్లు హూనమయ్యేలా తెడ్లు వేశాం. గట్టు మీద రెండు తలల్లా విడిపోయిన తాటిచెట్టు ఒకటి ఆ పది నిమిషాలూ మా పక్కనే ఉంది.

బావ నోరు విప్పలేదు. నాకు నిజంగా భయమేసింది. నడి ఏరు వదిలేసి గట్టు వారకి తిప్పాం. అక్కడ నీటి లాగుడు తక్కువ. బురదలోకి దిగి, కొబ్బరిచెట్టుకి తాడు కట్టి కూర్చున్నాం. ఎదురుగా ఒక కొబ్బరి డొక్క కిందికి కొట్టుకుపోతోంది. చూస్తుండగా నెమ్మదించింది. చాలాసేపటికి పూర్తిగా ఆగింది. ఉన్నచోటే ఒకసారి చుట్టు తిరిగింది. తర్వాత వచ్చిన దారినే పైకి బయల్దేరింది. ఏరు తిరిగింది! దాని వెనకే మేమూ బయల్దేరాం. గంటన్నర కూర్చున్నందుకు అరగంటలో రేవు చేరాం. ఆయన ఇంకా వల దగ్గరే ఉన్నాడు. ఏమీ అడగలేదు, కుండలో నీళ్లు ముంచి ఇచ్చాడు.

సాయంత్రం సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లని కూడా ఏరు దాటించే పడవ) ఎక్కి నరసాపురం వైపు దాటాం. మర్నాడు పొద్దున్నే కొల్లేరు.

కైకలూరు పక్కన ఆటపాక పక్షి కేంద్రంలో కయాక్‌ని కారులోంచి బయటికి తియ్యలేదు. గూడబాతులు గూళ్లు కట్టుకునే చోటు అది, అటవీ శాఖ పడవలో ఎంత దూరం తిప్పితే అంత దూరమే చూడాలి. గుంపుగా లేచి, రెక్కలు కదపకుండా తల మీద చుట్టుతిరిగే ఆ పక్షుల కోసం అక్కడిదాకా వెళ్లొచ్చు. కొల్లేరు గురించి చాలా చెప్పాలి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం, బుడమేరు, తమ్మిలేరు వచ్చి పడేచోటు, సముద్రానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపల 308 చదరపు కిలోమీటర్లని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అప్పుడు బతుకు పోయిన చిన్న జాలరి బాధా నిజమే, సరస్సు ఊపిరాడక కొట్టుకోవడమూ నిజమే. ఒక్క పూట చూసి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు.

నేను వెతుక్కుంటూ వెళ్లింది తాటిదోనె కోసం. పెద్దింట్లమ్మ తల్లి దర్శనం చేసుకుని కొల్లేటికోట నుంచి బయటికొస్తుంటే, కిక్కిస రెల్లు పక్కన కనిపించింది. తాటిచెట్టు మొదలు లావుగా ఉబ్బి ఉంటుందే, ఆ భాగాన్ని నిలువునా చీల్చి లోపలి మెత్తన తొలిచేస్తారు. నల్లటి పెంకు మిగులుతుంది. ఉబ్బిన మొదలు పడవ ముక్కు. కోసిన రెండో చివర తెరుచుకుని ఉంటే అక్కడ బంకమట్టి మెత్తి మూశారు. వేళ్ల అచ్చులు ఆ మట్టి మీద ఇంకా ఉన్నాయి. ఒక్క దోనె దొర్లుతుందని రెండిటిని జతగా కట్టుకుంటారు, దాన్నే సంగడి అంటారు. దోనె యజమాని నన్ను కూర్చోబెట్టి గడతో తోశాడు. అడుగు నీళ్లలో కూడా నేల తగలకుండా పోయింది. చప్పుడు లేదు. కొంగ ఎగరలేదు.

తర్వాత ఆయన మా కయాక్ ఎక్కాలన్నాడు. ఎక్కి, గట్టు వెంబడి నాలుగు తెడ్లు వేశాడు, మేం రెండ్రోజుల్లో నేర్చుకోనంత తిన్నగా. దిగి, రబ్బరు పక్కల్ని అరచేత్తో నొక్కి చూశాడు.

"బాగానే ఉందండి. బరువు లేదు, అదే దీనికి లోటు. గాలొస్తే నిలబడదు."

దిండిలో మాకు గంటన్నర పట్టి తెలిసిన సంగతి. ఆయన చేపలు పట్టే మావులు దోనెలో వేసుకుని, గడ ఒక్క పోటు పొడిచి కిక్కిసలోకి వెళ్లిపోయాడు. రెల్లు కాసేపు ఊగింది. మేం గట్టు మీద కూర్చుని కయాక్‌లో గాలి తియ్యడం మొదలుపెట్టాం.