సైజు ఒక్కటే, లోడు వేరు

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగ్ షాపుకి వెళ్తే కౌంటర్ దగ్గర ముందు అడిగేది పాత బేరింగ్ నంబరు. అది చెరిగిపోయి ఉంటే వెర్నియర్‌తో లోపలి వ్యాసం, బయటి వ్యాసం, వెడల్పు కొలుస్తారు. 50, 110, 27 మిల్లీమీటర్లు వచ్చాయంటే 6310 నంబరు బేరింగ్ తీసి ఇస్తారు. సరిగ్గా అవే కొలతల్లో ఎన్‌యూ 310 కూడా ఉంటుంది. మొదటిది బాల్ బేరింగ్, రెండోది సిలిండ్రికల్ రోలర్ బేరింగ్. షాఫ్ట్‌కీ హౌసింగ్‌కీ రెండూ చక్కగా పడతాయి, కానీ మోసే బరువులో చాలా తేడా ఉంది.

నేను జర్మనీలో ష్వైన్‌ఫుర్ట్‌లో గేర్‌బాక్సుల డిజైన్ పనిలో ఉన్నాను. ఆ ఊరు బతికేదే బేరింగుల మీద. ఉక్కు బంతుల్ని ఒకే సైజులో అరగదీసే యంత్రాన్ని ఫ్రీడ్రిష్ ఫిషర్ 1883లో తయారుచేసింది అక్కడే. ఆఫీసులో మేము కాటలాగు చివర్లో తెరుస్తాం. దానికి ముందు లోడు ఎంత, ఏ దిక్కు నుంచి వస్తుంది, ఎన్ని ఆర్‌పీఎం, ఎన్ని గంటలు నడవాలి, నూనె ఎంత శుభ్రంగా ఉంటుంది, అన్నీ కాగితం మీద పెట్టాలి. ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాయాలి. ఆ క్రమశిక్షణంటే నాకు గౌరవం. కానీ అక్కడ బేరింగ్‌ని ఎంచుకోవడమే నా పని. అది పాడై తిరిగి రావడం నా కంటికి కనిపించదు.

అది చూసేది ఇక్కడ, జీడిమెట్లలో మా బావ వర్క్‌షాపులో. సెలవుకి వచ్చినప్పుడల్లా అక్కడే కూర్చుంటాను. ఈసారి బెంచీ మీద స్టోన్ క్రషర్ నుంచి వచ్చిన మోటార్ ఉంది.

"బావా, ఇది బెల్టుతో నడుస్తదా, కప్లింగ్‌తోనా?"

"బెల్టే బామ్మర్దీ. ఆర్నెల్లకోసారి బేరింగ్ పోతాంది. కంపెనీ మార్చి చూసినం, గ్రీజు మార్చి చూసినం."

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. పుల్లీ చిన్నది, పైగా షాఫ్ట్ చివర్న ఉంది. బెల్టేమో జారకూడదని గట్టిగా బిగించేశారు. బేరింగ్ మీద పడే బలం 13 కిలోన్యూటన్ల దగ్గర తేలింది. అందులో ఉన్న 6310 డైనమిక్ రేటింగ్, అంటే పది లక్షల చుట్లు తట్టుకునే లోడు, సుమారు 65 కిలోన్యూటన్లు. 65ని 13తో భాగిస్తే 5, బాల్ బేరింగ్‌కి దాన్ని ఘనం చేస్తే 125 మిలియన్ చుట్లు. 1,500 ఆర్‌పీఎం దగ్గర అది 1,400 గంటలకి కాస్త తక్కువ. రోజుకి 8 గంటల షిఫ్టు లెక్కన ఆర్నెల్లు దాటగానే అయిపోతుంది. ఎన్‌యూ 310కి రేటింగ్ సుమారు 127, ఘాతం 3 బదులు 10/3. అదే లోడుకి సుమారు 22 వేల గంటలు వస్తాయి. ఇవి వందలో 90 బేరింగులు దాటే గంటలు. రాతి దుమ్ము లోపలికి పోతే ఇవి కూడా రావు, అందుకే సీలింగ్ కూడా చూడాలి.

బావ కాసేపు ఆ కాగితం వైపే చూశాడు. "గట్లైతే అన్ని మోటార్లకూ రోలర్‌దే ఏస్తే అయిపోదా?" అన్నాడు.

వేయకూడదు. కప్లింగ్‌తో, అంటే బెల్టు లేకుండా షాఫ్ట్‌కి షాఫ్ట్ నేరుగా కలిపి, పంపుని తిప్పే మోటార్‌లో బేరింగ్ మీద పక్క బలం చాలా తక్కువ. కనీస లోడు లేకపోతే రోలర్లు దొర్లకుండా జారతాయి, ఉక్కు మీద ఉక్కు రాసుకుని ట్రాక్ మీద మచ్చలు పడతాయి. అక్కడ 6310 సరైనది. ఇంకో సంగతి, ఎన్‌యూ రకంలో ఇన్నర్ రేస్‌కి, అంటే లోపలి రింగుకి, అంచులుండవు. కాబట్టి షాఫ్ట్‌ని పొడవు దిశలో అది ఆపదు. రెండోవైపు బాల్ బేరింగ్‌ని కవర్‌తో కదలకుండా బిగించాలి, షాఫ్ట్ వేడికి సాగితే రోలర్ వైపు జరగడానికి చోటుంటుంది.

మా బావ దగ్గర పనిచేసే పెద్ద మెకానిక్ స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి ఏ వైపు బేరింగ్ పోయిందో చెప్పేస్తాడు. జర్మనీలో మా దగ్గర ఆ పనికి వైబ్రేషన్ సెన్సర్ కావాలి. అంత తెలిసిన మనిషికి కూడా లోడు సంగతి ఎవరూ చెప్పరు. కస్టమర్ మోటార్‌ని ఆటోలో వేసి పంపి, రేపు పొద్దున్నకి కావాలంటాడు. ఆ యంత్రం దేన్ని తిప్పుతుందో అడిగే టైమ్ దొరకదు, అడిగినా విసుక్కుంటారు. నాకు బాధనిపించేది ఇక్కడే. నేను జర్మనీలో వారం రోజులు కూర్చుని రాసే కాగితంలో కనీసం నాలుగు గళ్లయినా ఈ బెంచీ మీద ఉంటే, ఆ చెవికి తెలిసినది ఇంకా ఎన్ని రెట్లు పనికొచ్చేదో!

ఆ నాలుగు గళ్లూ ఇప్పుడు జాబ్ కార్డు మీద ఉన్నాయి: బెల్టా కప్లింగా, పుల్లీ వ్యాసం, ఆర్‌పీఎం, రోజుకి ఎన్ని గంటలు. క్రషర్ మోటార్‌కి పుల్లీ వైపు ఎన్‌యూ 310, అటువైపు బాల్ బేరింగ్ వేసి పంపాం. బెల్టు ఎంత బిగించాలో బావే ఫోన్ చేసి చెప్పాడు.