స్కోపు కన్నా ముందు తూటా

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో మ్యూల్ డీర్ అనే జింకల వేటకు రైఫిల్ సిద్ధం చేసుకుంటూ, గురి చూసేందుకు దానిపై బిగించే దుర్భిణి, అంటే స్కోపు కన్నా తూటా ఎంపికకే ఎక్కువ సమయం వెచ్చించాను. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ అనే రకం తూటాకు 143 గ్రెయిన్ల (సుమారు 9.3 గ్రాముల) బరువున్న ఈఎల్‌డీ-ఎక్స్ అనే వేట బుల్లెట్ తీసుకున్నాను. పొడవుగా, సన్నగా ఉండే ఆ బుల్లెట్ గాలి నిరోధాన్ని బాగా తట్టుకుంటుంది కాబట్టి, 400 గజాల దూరంలోనూ జింక శరీరంలో విచ్చుకునేంత వేగం దానికి మిగిలి ఉంటుంది. స్కోపు దగ్గరికి వస్తే, దుకాణాల వాళ్లు 25 రెట్ల మాగ్నిఫికేషన్ అంటూ ఊదరగొడతారు గానీ, నేను 44 మిల్లీమీటర్ల అద్దమున్న 4-16 రెట్ల స్కోపుతోనే సరిపెట్టుకున్నాను. వేకువ మసకలో దాన్ని 6 రెట్లకు తగ్గిస్తే కంటికి చేరే కాంతి వలయం 7 మిల్లీమీటర్లు దాటుతుంది, అంతకు మించినది కనుపాప ఎలాగూ వాడుకోలేదు. పక్కగాలిని కొలిచే పని మాత్రం ఈ స్కోపు చేయదు. గాలి బలంగా ఉన్నప్పుడు నేను 300 గజాలు దాటి ట్రిగ్గర్ నొక్కను.