చెప్పు ఎక్కడ జారిందో తెలియదు

మొన్న పర్లాకిమిడి బజారులో కూరగాయలు కొనుక్కుని సగం దూరం వచ్చేశాక, వెనక నుంచి ఒకావిడ "ఓలమ్మా, నీ చెప్పు అక్కడే ఉండిపోనాది!" అని కేకేసింది. చూసుకుంటే కుడికాలికి చెప్పు లేదు. మిట్టమధ్యాహ్నం, కాలిపోతున్న రోడ్డు మీద అంత దూరం ఉత్తికాలితో నడిచాను, నాకేమీ తెలియలేదు. ఇంటికొచ్చి అరికాలి కింద అద్దం పెట్టి చూసుకుంటే రెండు బొబ్బలు.

నాకు షుగర్ లేదు. అందరూ మొదట అదే అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. నాది వంశంలో వచ్చిన నరాల జబ్బు, షార్కో-మేరీ-టూత్ అంటారు. 1886లో దీని గురించి రాసిన ముగ్గురు డాక్టర్ల పేర్లవి, పళ్ళకూ దీనికీ సంబంధం లేదు.

మా నాన్న మోకాళ్ళు పైకెత్తి, కాలవలో నీళ్ళు దాటుతున్నట్టు నడిచేవారు. సన్నటి పిక్కలు, విల్లులా లేచిన అరికాళ్ళు, ముడుచుకున్న వేళ్ళు. చూసి నడవరు అని అమ్మ కసిరేది, మేమూ అదే అనుకున్నాం. ఆయన పాదం ముందుభాగాన్ని ఎత్తలేక తట్టుకుని పడుతున్నారని మాకెవరికీ తెలియదు, ఆయనకూ తెలియదు, ఆ మాట తెలియకుండానే వెళ్ళిపోయారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

నా చేతివేళ్ళు వంగడం మొదలైనప్పుడు వీధిలో కొందరు 'పెద్దరోగం' అని గుసగుసలాడారు. కుట్టడానికి బట్టలిచ్చేవాళ్ళు తగ్గారు. ఒక డాక్టరమ్మ ఒంటిమీద మచ్చలున్నాయేమో వెతికి, మోచేతి దగ్గర నరం తడిమి చూసి, ఇది కుష్ఠు కాదు, వైజాగ్ వెళ్ళి నరాలకు కరెంటు పరీక్ష చేయించుకో అంది. (కుష్ఠే అయినా మందులతో నయమైపోతుంది, దానికోసం మనిషిని దూరం పెట్టడమేమిటి?)

గుణుపూర్ నుంచి వచ్చే రైలెక్కి వెళ్ళాను. మామూలుగా చేతి నరంలో కబురు సెకనుకు 50 మీటర్లు దాటి పరుగెడుతుంది, నాకు 22 వచ్చింది. కరెంటు తీగకు పైన తొడుగున్నట్టే నరానికీ ఒక పొర ఉంటుంది, ఆ పొర సరిగ్గా ఉంటేనే కబురు వేగంగా పోతుంది. తర్వాత చేసిన జన్యుపరీక్షలో 17వ క్రోమోజోములో ఆ పొరకు సంబంధించిన పీఎంపీ22 అనే జన్యువు ఒకటి ఎక్కువుందని తేలింది. అమ్మానాన్నలది మేనరికం కాబట్టే ఇలా అయ్యిందని మా మేనత్త ఏళ్ళ తరబడి అమ్మను ఆడిపోసుకుంది. నాకున్న రకానికి మేనరికంతో పని లేదు, తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా చాలు, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. రిపోర్టు పట్టుకుని వెళ్ళి అత్తకు ఇదంతా చెప్పాను. అమ్మ పక్కనే కూర్చుని వింది, ఏమీ మాట్లాడలేదు.

దీన్ని పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. అయినా చేసుకోగలిగింది చాలా ఉంది. చీలమండ వాలిపోకుండా ప్లాస్టిక్ పట్టీ, వెనక బెల్టున్న చెప్పులు, రోజూ ఫిజియో చెప్పిన వ్యాయామం, రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు చూసుకోవడం. ఒకటి మాత్రం ఈ జబ్బున్నవాళ్ళందరూ గుర్తుపెట్టుకోవాలి: క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ అనే మందు మన నరాలను బాగా దెబ్బతీస్తుంది, ఏ ఆసుపత్రికి వెళ్ళినా ముందు జబ్బు పేరు చెప్పండి.

కుట్టుమిషన్ తొక్కడం మానేసి మోటారు పెట్టించుకున్నాను. హుక్కులు, కాజాలు మా ఆయన కుడుతున్నారు, మొదట్లో వంకరగా వచ్చేవి, ఇప్పుడు నాకంటే నీటుగా కుడతారు. సూదిలో దారం మా అమ్మాయి ఎక్కిస్తుంది.

దానికి తొమ్మిదేళ్ళు. స్నానం చేసి గచ్చు మీద పరుగెత్తుకొస్తే తడి అడుగులు పడతాయి. నాన్న అడుగూ నా అడుగూ మడమ ఒకచోట, వేళ్ళు ఒకచోట, మధ్యలో ఖాళీగా పడేవి. రోజూ అది లోపలికి వెళ్ళిపోయాక, ఆ తడి ఆరేలోపు వంగి చూస్తాను. నిన్నటి అడుగులో మధ్య కూడా పడింది.